ఇంట గెలవాలి: మన సంస్థలకు ఎలాంటి బోర్డు కావాలి?

దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఎందుకు లేదని 1950 నుంచి అడుగుతున్నాం. పారిశుద్ధ్య కార్మికుల కోసం వేసే కమిటీల్లో చీపురు పట్టినవాళ్ళు ఎందుకు ఉండరని అడుగుతున్నాం. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యాస చట్టం తెచ్చాక, అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లల సంగతేమిటని అడిగాం. ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. అన్నిటి వెనకా ఉన్న మాట కూడా ఒక్కటే: మా బతుకును తేల్చే చోట మాకూ ఒక కుర్చీ ఉండాలి.

అదే మాట మన సంస్థలోకి వచ్చి అడిగితే ఏమవుతుంది? మన ట్యూషన్ కేంద్రం, వృద్ధాశ్రమం, విధవరాండ్ర సహాయ నిధి, యువజన సంఘం, న్యాయ సహాయ బృందం... వీటి మీద నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు? ఎవరి కోసం ఆ సంస్థ పుట్టిందో వాళ్ళలో ఎంతమందికి బోర్డులో చోటుంది? లెక్కలు అడిగే హక్కు ఎవరికుంది? అధ్యక్షుణ్ణి మార్చే హక్కు ఎవరికుంది?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బోర్డు ఎంపికను మనం రిజిస్ట్రేషన్ ఆఫీసు కోసం నింపే కాగితం పనిగా చూస్తున్నాం. నా మట్టుకు అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న, విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న కూడా. ఏ నమూనా మంచిదని చర్చించే ముందు ఒక కొలబద్ద పెట్టుకోవాలి: సంస్థ ఎవరి కోసం ఉందో వాళ్ళు ప్రశ్నించగలరా, జవాబు రాబట్టగలరా, అవసరమైతే నాయకుణ్ణి దించగలరా? ఈ మూడింటికీ అవును అనిపించే బోర్డే మనకు తగిన బోర్డు.

చట్టం ఇచ్చేది చట్రం మాత్రమే

లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకోవడానికి మన దేశంలో ప్రధానంగా మూడు దారులున్నాయి: ట్రస్టు, సొసైటీ, 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద నమోదయ్యే కంపెనీ.

ట్రస్టులో అధికారం ట్రస్టు డీడు నుంచి వస్తుంది. స్థాపించినవాళ్ళు ఎలా రాసుకుంటే అలా. కొత్త ట్రస్టీని సాధారణంగా ఉన్న ట్రస్టీలే ఎంచుకుంటారు. సభ్యులు, సర్వసభ్య సమావేశం, ఎన్నికలు తప్పనిసరి కావు. అందుకే త్వరగా పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఇటు మొగ్గుతారు. అధికారం ఇంటి గడప దాటకూడదనుకునేవాళ్ళు కూడా ఇటే మొగ్గుతారు.

సొసైటీ వేరు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. ఒడిశాలో, పుదుచ్చేరిలో భాగమైన యానాంలో ఈ చట్టమే నడుస్తోంది. కర్ణాటకకు 1960లో, తమిళనాడుకు 1975లో సొంత చట్టాలు వచ్చాయి. తమిళనాడు చట్టమైతే కమిటీ సభ్యుల పదవీకాలం మూడేళ్ళు మించకూడదంటుంది. మహారాష్ట్రలో సొసైటీగా నమోదైన సేవాసంస్థ 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కిందికి కూడా వస్తుంది. ట్రస్టీలు మారితే ఛారిటీ కమిషనర్ కార్యాలయానికి తెలపాలి, స్థిరాస్తి అమ్మాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ముంబయిలోనో సోలాపూర్‌లోనో ఉన్న తెలుగు సంఘం ఆస్తిని నలుగురు కూర్చుని గుట్టుగా అమ్ముకోవడానికి వీల్లేదన్నమాట.

1860 చట్టంలో యువత తెలుసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. సొసైటీ రద్దయితే, అప్పులు తీర్చాక మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు. అది మరో సొసైటీకి వెళ్ళాలి. అంటే ఆ భవనం, ఆ స్థలం, ఆ బ్యాంకు నిల్వ ఏ కుటుంబానిదీ కాదు. స్థాపకుడిదీ కాదు.

చట్టం ఇచ్చేది ఇంతవరకే. కనీసం ఎంతమంది ఉండాలో, ఏటా ఏ జాబితా దాఖలు చేయాలో చెబుతుంది. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో, నోరు విప్పేది ఎవరో, ఎవరి మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుందో చెప్పదు. ఏడు సంతకాలు ఒకే ఇంటి పేరుతో ఉన్నా ఫైలు కదిలిపోవచ్చు. ఆ ఖాళీని నింపాల్సింది మన మనస్సాక్షి, మన నియమావళి.

మనకు కనబడే నాలుగు రకాల బోర్డులు

మొదటిది స్థాపకుడి బోర్డు. అయ్యగారు అధ్యక్షుడు, అమ్మగారు కోశాధికారి, పెద్దబ్బాయి కార్యదర్శి, బావమరిది సభ్యుడు. దీన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ఎవరూ ముందుకు రాని రోజున పెళ్ళాం నగలు తాకట్టు పెట్టి అనాథ పిల్లలకు అన్నం పెట్టినవాళ్ళు మనలో ఉన్నారు. ఆ రోజుల్లో నమ్మకస్థులంటే ఇంట్లోవాళ్ళే. చిక్కు తర్వాత మొదలవుతుంది. సంస్థ పెరిగి, పదిమంది కానుకలతో నడుస్తున్నా బోర్డు మాత్రం భోజనాల బల్ల దాటి బయటికి రాదు. స్థాపకుడు ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయిన మర్నాడు అది వారసత్వం తగాదాగా మారుతుంది. ఎవరి కోసం పెట్టారో ఆ పిల్లలు ఆ తగాదాలో కక్షిదారులు కూడా కారు.

రెండోది పేర్ల బోర్డు. లెటర్‌హెడ్ మీద ఒక డాక్టరు, ఒక రిటైర్డ్ అధికారి, ఒక బిషప్‌గారు, విదేశాల్లో స్థిరపడ్డ ఒక దాత. ఏడాదికోసారి శాలువా కప్పించుకుంటారు. అంతా అయ్యాక తీర్మానం కాగితం వస్తే సంతకం చేస్తారు. వాళ్ళ పేరు వల్ల దాతలకు నమ్మకం కలుగుతుంది, ఆఫీసుల్లో తలుపులు తెరుచుకుంటాయి. అయితే లెక్కలు తేడా వచ్చిన రోజున ఎవరినడిగినా నాకు తెలియదండీ అంటారు. తిలాపాపం తలా పిడికెడు. అందరిదీ అయిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది.

మూడోది పనిచేసే బోర్డు. జీతగాళ్ళు ఉండరు. సభ్యులే ట్యూషన్ చెబుతారు, బియ్యం మూటలు మోస్తారు, రసీదులు రాస్తారు. మన చిన్న సంఘాల్లో ఎక్కువభాగం ఇలా నడిచేవే. ఇందులో ప్రాణం ఉంది. లోపం ఒక్కటే: పని చేసేవాళ్ళూ, ఆ పనిని తనిఖీ చేసేవాళ్ళూ ఒకరే. ఎంత నిజాయితీపరుడైనా తన కాపీ తానే దిద్దుకుంటే మార్కులు సరిగా పడవు.

నాలుగోది విధానాల బోర్డు. జాన్ కార్వర్ అనే అమెరికన్ రచయిత 1990లో అచ్చువేసిన పుస్తకంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులోని ఆలోచన ఇది: బోర్డు రోజువారీ పనిలో వేలు పెట్టకూడదు. సంస్థ ఏ ఫలితం సాధించాలి, ఎవరి కోసం, ఎంత ఖర్చుతో అన్నది బోర్డు తేల్చాలి. ఏ హద్దులు దాటకూడదో రాసిపెట్టాలి. ఆ హద్దుల లోపల ఎలా చేయాలన్నది నిర్వాహకుడికి వదిలేయాలి. బోర్డు తరఫున మాట్లాడేది మొత్తం బోర్డే గాని ఏ ఒక్క సభ్యుడూ కాదు.

ఇందులో మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. ముఖ్యంగా బోర్డు తన సొంతం కోసం కాక ఎవరి పక్షాన అక్కడ కూర్చుందో గుర్తుపెట్టుకోవాలన్న మాట విలువైనది. కాని పూర్తికాలపు డైరెక్టరు, సిబ్బంది, కార్యాలయం ఉన్న సంస్థలకు కుదిరే చొక్కాను, ముగ్గురు వాలంటీర్లతో నడిచే సంఘానికి తొడిగితే చేతులు జేబుల్లోకి కూడా వెళ్ళవు. విధానాలు మేం రాస్తాం, పని ఇంకెవరో చేస్తారు అనుకుంటే ఆ ఇంకెవరో మనకు లేరు. పైగా పేదలకు బోర్డులో చోటివ్వకుండానే ఈ నమూనాను అక్షరాలా అమలు చేయవచ్చు. అప్పుడు విధానాలు చక్కగా ఉంటాయి, కుర్చీలు మాత్రం పాతవాళ్ళవే.

యెరూషలేములో వచ్చిన ఫిర్యాదు

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయాన్ని మనం డీకన్ల అభిషేకం రోజున చదివి మూసేస్తాం. అది నిజానికి సంఘంలో వచ్చిన మొదటి పంపిణీ తగాదా. యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడే యూదులు భాషా మైనారిటీ. వాళ్ళ విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగు మొదలైంది. పరాయి రాష్ట్రంలో ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడుతూ బతికే మనకు ఆ సణుగు ఎలాంటిదో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

అపొస్తలులు ఏం చేశారు? ఫిర్యాదు చేసినవాళ్ళను ఐక్యతను చెడగొడుతున్నారని గద్దించలేదు. దైవజనుల మీద నోరెత్తకూడదని బెదిరించలేదు. తమ మనుషులను నలుగురిని నియమించి సరిపెట్టలేదు. శిష్యులందరినీ పిలిచారు. మంచి పేరున్న ఏడుగురిని మీరే చూసుకోండి అన్నారు. సంఘం ఎంచుకుంది. అపొస్తలులు ప్రార్థించి చేతులుంచారు. ఎంపిక సంఘానిది, అభిషేకం అపొస్తలులది. మనం చాలాచోట్ల రెండూ ఒకే చేతిలో పెట్టేశాం.

ఆ ఏడు పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. గ్రీకు పేరున్నంత మాత్రాన ఆ మనిషి గ్రీకు వర్గంవాడే అని చెప్పలేం. అపొస్తలుల్లోనే ఒక ఫిలిప్పు, ఒక అంద్రెయ ఉన్నారు. అయినా ఏడుకు ఏడూ అలాంటి పేర్లే కావడం యాదృచ్ఛికమని చెప్పడం కష్టం. అన్యాయం జరిగిన వర్గానికే గరిటె అందించారని చాలామంది వ్యాఖ్యాతలు గ్రహించారు. హెబ్రీ మాట్లాడేవాళ్ళకు సగం, గ్రీకువాళ్ళకు సగం అని కూడా పంచలేదు. ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్ళనే నమ్మారు.

ఆ అధ్యాయంలోనే ఒక వెలితి కూడా ఉంది. ఆకలి విధవరాండ్రది, ఎంపికైన ఏడుగురూ పురుషులు. ఆనాటి సమాజం అంతవరకే వెళ్ళగలిగింది. మనం అక్కడే ఆగిపోవాలని లేఖనం చెప్పదు. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి తమ వాటా అడిగారు. దేవుడు వాళ్ళు అడిగింది న్యాయమన్నాడు, నియమమే మారింది. అపొస్తలులు మొదలుపెట్టిన దారిలో ఇంకో అడుగు వేయడమే విశ్వాసం.

డబ్బు సంగతిలో పౌలు జాగ్రత్త కూడా చూడాలి. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను ఆయన ఒక్కడే మోసుకెళ్ళలేదు. 2 కొరింథీయులు 8లో తీతుతో పాటు మరి ఇద్దరు సహోదరుల ప్రస్తావన ఉంది. వారిలో ఒకరిని సంఘాలే ఏర్పరచాయి. తన మీద ఎవరూ నింద మోపకుండా ఉండాలని, దేవుని ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలని పౌలు తాపత్రయం. అంతటి అపొస్తలుడే తోడు మనుషుల్ని అడిగితే, ఒక్క సంతకంతో చెక్కు చెల్లే ఖాతా మనకెందుకు?

ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద

ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి. మన సంఘాల్లో చాలావరకు మిషనరీ కాలంలో పుట్టాయి. డబ్బు సముద్రం అవతలి నుంచి వచ్చేది, నిర్ణయాలూ అక్కడి నుంచే వచ్చేవి. తిరునల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు వి.ఎస్. అజరయ్య 1903లో భారతీయుల డబ్బుతో, భారతీయుల నిర్వహణలో నడిచే మిషనరీ సంఘాన్ని మొదలుపెట్టడంలో ముందున్నాడు. తర్వాత తెలుగు నేలమీద దోర్నకల్ వచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో, మీరు మాకు చాలా ఇచ్చారు, స్నేహం కూడా ఇవ్వండి అన్న అర్థం వచ్చేలా మాట్లాడి సభను కుదిపేశాడు. అడిగింది డబ్బు కాదు, పక్కన కుర్చీ.

మిషనరీలు వెళ్ళిపోయారు. కుర్చీల వరస మాత్రం చాలాచోట్ల మారలేదు. ఆ ఎత్తు కుర్చీలో ఇప్పుడు మనవాళ్ళే కూర్చున్నారు, కింద చాపమీద కూడా మనవాళ్ళే కూర్చున్నారు. చెన్నై వీధులూడ్చే తెలుగు కార్మికుల పిల్లల కోసం నడిచే కేంద్రం బోర్డులో ఒక్క కార్మికుడైనా ఉన్నాడా? సోలాపూర్‌లో బీడీలు చుట్టే తల్లుల పేరు మీద నివేదిక రాసే సంస్థలో ఒక్క తల్లికైనా ఓటుందా? కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాక అక్కడి కుటుంబాల కోసం పనిచేసేవాళ్ళ సమావేశాల్లో ఆ కుటుంబాలు మాట్లాడతాయా, చప్పట్లు కొడతాయా? కులం సంగతి సరేసరి. మాల, మాదిగ, రెల్లి అన్న మాటలు బల్లమీద పలకం. ఎవరు అధ్యక్షులు, ఎవరు కుర్చీలు సర్దేవాళ్ళు అన్నది మాత్రం ఆ మాటలే తేలుస్తుంటాయి.

నా ప్రతిపాదన

మన పరిమాణానికి, మన పిలుపుకు తగినది సభ్యత్వం మీద నిలబడిన సొసైటీ. బోర్డు ఇప్పటికి పనిచేసే బోర్డుగానే ఉండాలి, సంస్థ పెరిగే కొద్దీ విధానాల బోర్డుగా మారాలి. ట్రస్టుగా ఉన్నవాళ్ళు కూడా డీడులో వీలున్నంతవరకు ఈ పద్ధతులను నియమాలుగా రాసుకోవచ్చు. ఉదాహరణకు తొమ్మిదిమంది బోర్డు అనుకుందాం.

ఒకటి, తొమ్మిదిలో మూడు కుర్చీలు సంస్థ ఎవరి కోసం పనిచేస్తుందో వాళ్ళవి. వాళ్ళను బోర్డు నియమించకూడదు, వాళ్ళే ఎన్నుకోవాలి. ఒక్కరికే చోటిస్తే ఆ మనిషి మూల కూర్చుని తలూపుతాడు. ముగ్గురుంటే ఒకరు మాట్లాడితే ఇద్దరు ఊతమిస్తారు.

రెండు, కనీసం నలుగురు స్త్రీలు, కనీసం ఇద్దరు 35 ఏళ్ళ లోపువాళ్ళు ఉండాలి. యువజన ప్రతినిధి అనే ఓటులేని కుర్చీ వద్దు. ఓటున్న కుర్చీ కావాలి.

మూడు, ఒక కుటుంబం నుంచి ఒక్కరే. అధ్యక్షుడూ కోశాధికారీ రక్తసంబంధీకులో, వివాహబంధం ఉన్నవాళ్ళో కాకూడదు. బ్యాంకులో ఇద్దరి సంతకాలు తప్పనిసరి, ఆ ఇద్దరూ వేరువేరు కుటుంబాల వాళ్ళు. ఎవరి బంధువుకు ఉద్యోగమో, కాంట్రాక్టో, అద్దెకు భవనమో చర్చకు వస్తే ఆ సభ్యుడు ముందుగా చెప్పి గదిలోంచి లేచి వెళ్ళాలి. అలా వెళ్ళినట్టు మినిట్స్‌లో రాయాలి.

నాలుగు, పదవీకాలం మూడేళ్ళు. వరసగా రెండుసార్లే, తర్వాత కనీసం ఏడాది విరామం. ఏటా ముగ్గురు దిగి ముగ్గురు వచ్చేలా వంతులు పెట్టుకుంటే పాతవాళ్ళ అనుభవం పోదు, కొత్తవాళ్ళకు దారీ మూసుకుపోదు. స్థాపకులకు గౌరవాధ్యక్షులుగా జీవితాంతం సలహా ఇచ్చే చోటుంచుదాం. సలహా ఉంటుంది, ఓటు ఉండదు.

ఐదు, కోరం ఐదుగురు. అందులో లబ్ధిదారుల ప్రతినిధి కనీసం ఒక్కరైనా లేకపోతే డబ్బుకు సంబంధించిన తీర్మానం చెల్లదు. సమావేశం వాళ్ళ కూలి పోని వేళ పెట్టాలి. దూరం నుంచి వస్తే బస్సు ఛార్జీ సంస్థ ఇవ్వాలి. ఆ ఖర్చును బడ్జెట్‌లో రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఆరు, మినిట్స్ అందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి. మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. పెద్దల్లో కొందరికి ఇంగ్లీషు రాదు. తెలుగులో రాసి పైకి చదవండి, అవసరమైన చోట కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఒడియాలోనో చెప్పండి. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టించుకోవడం సమ్మతి కాదు.

ఏడు, బోర్డులో లేని ఇద్దరు సభ్యులను సర్వసభ్య సమావేశం లెక్కల పరిశీలకులుగా ఎన్నుకోవాలి. చార్టర్డ్ అకౌంటెంట్ ఆడిట్ అది ఎలాగూ ఉంటుంది. ఆయన ఓచరుకూ లెక్కకూ పొంతన ఉందా అని చూస్తాడు. ఆ బియ్యం నిజంగా ఆ ఇంటికి చేరిందా అని చూడాల్సింది సంఘం. ఏడాది లెక్క ఒక పేజీలో రాసి గోడకు అంటించండి.

వచ్చే అభ్యంతరాలు

ఎన్నికలు పెడితే కులం, గ్రూపులు, కోర్టు కేసులు వస్తాయని పెద్దలంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. పెద్ద పెద్ద సంఘాల ఎన్నికల వ్యాజ్యాలు కోర్టుల్లో నలగడం మనం చూస్తూనే ఉన్నాం. కాని ఆ గొడవలు ఎన్నికల వల్ల వచ్చాయా, అధికారం ఆస్తిగా మారడం వల్ల వచ్చాయా? పదవికి కాలపరిమితి ఉండి, డబ్బు మీద పదిమంది కన్ను ఉంటే ఆ కుర్చీ కోసం కొట్టుకునేవాళ్ళు తగ్గుతారు. పోటీ తెగకపోతే చీటీ వేయండి. యూదా స్థానంలో మత్తీయను ఎంచుకున్నప్పుడు సంఘం ఇద్దరిని నిలబెట్టి, ప్రార్థించి, చీటీ వేసింది కదా.

పేదవాళ్ళకు బ్యాలెన్స్ షీటు ఏం తెలుసు అని ఇంకొకరంటారు. నెలకు వచ్చే కూలితో ఇల్లు, చీటీపాట, ఫీజులు, మందులు, పెళ్ళి ఖర్చు నడిపే తల్లికి లెక్క తెలియదనడం నాకు మింగుడుపడదు. తెలియనిది ఆ కాగితం నమూనా. దాన్ని నేర్పడానికి రెండు సాయంత్రాలు చాలు.

దైవజనుడి అభిషేకం మీద ఓటింగ్ ఏమిటని మూడో అభ్యంతరం. అభిషేకం మీద ఎవరూ ఓటు వేయడం లేదు. బ్యాంకు ఖాతా మీద, స్థలం పట్టా మీద, జీతాల మీద వేస్తున్నారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు చెబుతూ కూర్చున్న మోషేను చూసి, ఇది మంచి పద్ధతి కాదని యిత్రో చెప్పాడు. చెప్పినవాడు ఇశ్రాయేలీయుడు కూడా కాదు. మోషే అభిషేకం అంతటిదైనా ఆ సలహా విన్నాడు, భారం పంచాడు. పంచినందువల్ల మోషే చిన్నవాడైపోలేదు. కాపరులకు కూడా ఇది మేలే. లెక్కలు తన చేతిలో లేని పాస్టరు వాక్యం చెప్పేటప్పుడు గొంతు వణకదు.

నాలుగోది అసలైన భయం: బయటివాళ్ళొచ్చి కష్టపడి కట్టింది కాజేస్తారు. సంస్థ ఆశయాన్ని మార్చడం సులువు కాకుండా నియమావళిలో రాసుకోవచ్చు. 1860 చట్టంలోనే ఆశయం మార్పుకు ప్రత్యేక సమావేశంలో అయిదింట మూడు వంతుల ఓట్లు, నెల తర్వాత రెండో సమావేశంలో మళ్ళీ ఆమోదం కావాలని ఉంది. ఆస్తి అమ్మకానికి కూడా అలాంటి కట్టడి పెట్టుకోండి. బయటివాళ్ళకు తలుపు మూయడం ఒక జాగ్రత్త. లోపలివాళ్ళను అడిగేవాళ్ళు లేకపోవడం మాత్రం ప్రమాదం. కంచే చేను మేసిన సందర్భాలు దొంగలు దోచిన సందర్భాలకు తక్కువేమీ కావు.

యువతకు ఒక మాట

మీలో చాలామంది సంస్థల మీద విసిగి దూరంగా ఉంటున్నారు. వాట్సాప్‌లో పెద్దలను విమర్శించి ఊరుకుంటున్నారు. దానివల్ల ఒక్క కుర్చీ కూడా కదలదు. ముందు సభ్యత్వ రుసుం కట్టి రసీదు తీసుకోండి. నియమావళి కాపీ అడగండి. కిందటి సర్వసభ్య సమావేశం ఎప్పుడు జరిగిందో, రిజిస్ట్రార్‌కు కార్యవర్గం జాబితా ఎప్పుడు దాఖలైందో కనుక్కోండి. పెద్దలను అండీ అని పిలుస్తూనే, ఒక ప్రశ్నను కాగితం మీద రాసి, అది మినిట్స్‌లోకి ఎక్కేదాకా కూర్చోండి. గౌరవం, ప్రశ్న ఒక నోట ఇమడవని ఎవరన్నారు?

కొత్తగా సంస్థ పెట్టబోయేవాళ్ళకు ఇంకా సులువు. పేరు, లోగో, ఫేస్‌బుక్ పేజీ తర్వాత చూసుకోవచ్చు. మొదట ఎవరి కోసం పెడుతున్నారో వాళ్ళ వాడకు వెళ్ళి, మమ్మల్ని తప్పు పట్టే అధికారం మీకిస్తాం, ముగ్గురిని పంపండి అని అడగండి. నమ్మకం కుదరడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఆ కొన్ని నెలలూ వృథా కావు.

పెద్దలకు నా మనవి ఒక్కటే. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక్క తీర్మానం పెట్టండి: వచ్చే ఎన్నిక నుంచి బోర్డులో మూడో వంతు కుర్చీలు మనం ఎవరికి సేవ చేస్తున్నామంటున్నామో వాళ్ళవి. ఆ తీర్మానం నెగ్గితే, రేపు ప్రభుత్వం ఎదుట మన వాటా అడిగేటప్పుడు మన మాటకు బరువుంటుంది. ఓడిపోతే ఎవరు చేయి ఎత్తలేదో మినిట్స్‌లో ఉంటుంది. మరుసటి ఏడాది మళ్ళీ పెట్టండి.